జిరాక్సు కాగితముపై చేవ్రాలు: నిజమా, కల్పితమా?

సంతకమును తెలుగులో చేవ్రాలు అందురు. ఉర్దూలో దస్తఖత్ అందురు. ‘దస్త్’ అనగా చేయి, ‘ఖత్’ అనగా వ్రాత. రెండు భాషలును ఒకే మాట చెప్పుచున్నవి. సంతకమనగా ఆ కాగితముపై ఆ మనిషి చేయి కదలిన జాడ. ఈనాడు కంప్యూటరు పుణ్యమా అని చేయి కదలకుండగనే సంతకము పుట్టుచున్నది. దానిని కనిపెట్టుట ఎట్లు? ఎంతవరకు సాధ్యము? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

సింగరాయకొండ పరిసరములలో ఒక రైతు ఉన్నాడనుకొందము. అతడు అమ్మని పొలమును అమ్మినట్లు ఒక ఒప్పందము జిరాక్సును ఎవరో చూపిరి. అడుగున అతని సంతకమున్నది. “సంతకము నాదే, కాని ఈ కాగితముపై నేను చేయలేదు” అని అతడు మొరపెట్టుకొనును. వినువారికి ఈ మాట వింతగా తోచును. కాని అది అక్షరాల నిజము కావచ్చును. ఎప్పుడో ఏదో దరఖాస్తుపై అతడు చేసిన సంతకమును స్కానరుతో పట్టి, కంప్యూటరులో కత్తిరించి, క్రొత్త ఒప్పందము అడుగున అతికించి, అచ్చు తీసి, దానికి మరల జిరాక్సు తీసిన చాలును. అతుకు జాడ చాలవరకు చెరిగిపోవును.

అసలు కాగితములో సాక్ష్యము పుష్కలముగా నుండును. కలము ఒత్తిడికి కాగితముపై పడిన గాడి, సిరా రంగు, కలము ఎత్తిన చోట్లు, చేతి వణుకు, ఒక గీతపై మరియొక గీత పడిన వరుస, ఇవన్నియు భూతద్దముతోను, ప్రక్కనుండి ప్రసరింపజేసిన వెలుతురుతోను పరీక్షింపవచ్చును. జిరాక్సులో గాడి లేదు, సిరా లేదు; యంత్రము వెదజల్లిన నల్లని పొడి మాత్రమే కలదు. మిగిలినది ఆకారమొక్కటే. కనుక పరీక్షకుడు ఆకారమునే ప్రశ్నింపవలసి యుండును.

ఇచ్చట ఒక విచిత్రమైన సూత్రము కలదు. సంతకములు ఒకదానినొకటి పోలియుండవలెనని మనము అనుకొందుము. కాని అవి అణుమాత్రము తేడా లేకుండ ఒకటే అయినచో అనుమానింపవలెను. అమెరికాలో 1865లో మరణించిన సిల్వియా ఆన్ హౌలాండ్ అను ధనికురాలి వీలునామాపై వ్యాజ్యము నడచెను. 1868లో తీర్పైన ఆ వ్యాజ్యములో హార్వర్డు గణిత శాస్త్రజ్ఞుడు బెంజమిన్ పియర్సు సాక్ష్యమిచ్చెను. ఆమె నిజమైన సంతకములు 42 తీసికొని, జంటలు జంటలుగా పోల్చి చూడగా, ఒక్కొక్క సంతకములోని 30 క్రిందిగీతలలో సగటున అయిదవ వంతు మాత్రమే సరిపోయినవి. వివాదములోని రెండు సంతకములలో 30కి 30 గీతలును సరిపోయినవి. ఇట్టిది సహజముగా జరుగదని ఆయన వాదించెను. వ్యాజ్యము వేరొక న్యాయాంశముపై తేలిపోయినది. ఆయన లెక్కకట్టిన పద్ధతిని తరువాతి వారు ఆక్షేపించిరి. అయినను మూలసూత్రము నిలిచినది: ఏ మనిషియు రెండుసార్లు ఒకేరీతిగా సంతకము చేయలేడు.

మన సంతకములనే చూడుడు. ఉర్దూలో నుక్తాలు సాధారణముగా పదము వ్రాసిన పిమ్మట పెట్టుదురు. అవి ప్రతిసారి కొంచెము అటునిటు జరుగును. తెలుగులో తలకట్టు, గుడి, ఒత్తు నిలుచు చోటు మారును. రైతు పాత దరఖాస్తుపై సంతకము, ఒప్పందముపై సంతకము పలుచని కాగితములపై ఎత్తి, ఒకదానిపై నొకటి పెట్టి వెలుతురులో చూచినపుడు పూర్తిగా కలిసిపోయినచో, ఒకటి మరియొకదాని నకలని గట్టిగా అనుమానింపవచ్చును. యంత్రము పరిమాణమును కొద్దిగా పెంచుట, తగ్గించుట కలదు గనుక కొలతలను నిష్పత్తిగా చూడవలెను. సంతకపు రబ్బరు ముద్ర వాడు కార్యాలయములలో ఒకే రూపము సహజమే. అందువలన ఆ సంగతి ముందుగా విచారింపవలెను.

మరికొన్ని గుర్తులు కలవు. సంతకము అచ్చు గీతను గాని, ముద్రను గాని దాటిన చోట ఆ గీత తెగియున్నదా? పాత కాగితములోని అక్షరపు ముక్క ఏదైన అంటుకొని వచ్చినదా? సంతకము చుట్టు చతురస్రముగా లేత నీడ ఉన్నదా? జిరాక్సు అద్దముపై ధూళి చుక్కలు ప్రతి నకలులోను అదే చోట పడును. అవి సంతకము చుట్టు మాత్రము వేరుగా నున్నవా? కంప్యూటరు ఫైలే దొరికినచో మరింత మేలు. బొమ్మ సూక్ష్మమైన చుక్కలతో కూడియుండును; వేరొక చోటినుండి తెచ్చిన భాగములో ఆ చుక్కల తీరు, స్పష్టత తక్కిన పుటతో కలియకపోవచ్చును.

అయితే ఇవేవియు కనబడకున్నంత మాత్రమున సంతకము నిజమైనదని చెప్పరాదు. నేర్పరి అన్ని జాడలను చెరిపివేయగలడు. నకలు కొన్నిసార్లు మోసమును పట్టియిచ్చును; నిజాయితీకి మాత్రము పూచీ పడలేదు. అందువలననే చట్టము మొదట అసలు పత్రమునే కోరును. నకలును కొన్ని పరిస్థితులలో మాత్రమే అంగీకరించును. 1872 నాటి సాక్ష్య చట్టములోని ఈ నియమము, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములోను కొనసాగుచున్నది. నిపుణుని అభిప్రాయము విషయమున, 1980 నాటి న్యాయ నివేదికలలో వెలువడిన మురారిలాల్ కేసు తీర్పులో తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి మధ్యేమార్గము చూపిరి: వేరు సాక్ష్యము లేదని దానిని త్రోసివేయరాదు, కాని జాగ్రత్తగా తూచి చూడవలెను. హైదరాబాదులోని రామంతాపూరు కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల వంటి చోట్ల ఇట్టి పత్రముల పరీక్ష జరుగును.

ఒక పొరపాటును సవరించుకొనవలెను. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము గుర్తించిన డిజిటల్ సంతకము అతికించిన బొమ్మ కాదు. అది గణిత సంకేతము. ఫైలులో ఒక్క అక్షరము మారినను అది పట్టియిచ్చును. కాని ఆ ఫైలును అచ్చు తీసినచో ఆ శక్తి పోవును. కాగితముపై మిగిలిన గుర్తు ఎవరైనను వేయగలరు.

విద్యార్థి మిత్రులారా! మీ సంతకముగల నకలును ఎవరికైనను ఇచ్చునపుడు, అది ఏ పనికై ఇచ్చుచున్నారో, ఏ తేదీన ఇచ్చుచున్నారో సంతకమును తాకునట్లు అడ్డముగా వ్రాయుడు. కత్తిరించువానికి అది గొప్ప అడ్డంకి. ప్రవేశములకును, విద్యార్థి వేతనములకును వచ్చు ధ్రువపత్రముల నకళ్ళను కళాశాల సంఘము వారు అసలుతో పోల్చి, అనుమానమున్నచో పత్రము నిచ్చిన కార్యాలయమునే అడుగుట క్షేమకరము. ఇట్లు చేయుట ఎవరిని అవమానించుట కాదు. “నేను చేయలేదు” అను నిర్దోషి మాటకు ఆధారము చూపుటకు అదియే మార్గము.