మీకు తెలుసా? గర్భనిరోధక మాత్ర మరిచిపోయిన రోజున...

మన దగ్గర కుటుంబ నియంత్రణ అనగానే ఆపరేషనే గుర్తొస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ఆ దారే ఎంచుకున్నారు. మాత్రలు వాడేవాళ్లు చాలా తక్కువ. అందుకే కొత్తగా పెళ్లయిన అమ్మాయికి వీటి గురించి అనుభవంతో చెప్పేవాళ్లు ఇంట్లో దొరకరు. ఆ లోటు కొంతైనా తీర్చాలనే ఈ సంగతులు.

• షీటులో 28 మాత్రలున్నా గర్భాన్ని ఆపేవి 21 మాత్రమే. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో మిగతా ఏడూ ఐరన్ మాత్రలు. అవి వేసుకునే రోజుల్లోనే నెలసరి వస్తుంది. అది తగ్గిందా లేదా అని చూడకుండా, షీటు అయిపోయిన మర్నాడే కొత్తది మొదలుపెట్టాలి.

• నెలసరి మొదలైన ఐదు రోజుల్లోపు మొదలుపెడితే రక్షణ వెంటనే ఉంటుంది. ఆ తర్వాతైతే మొదటి వారం కండోమ్ కూడా వాడాలి.

• తప్పకుండా వేసుకుంటే ఏడాదిలో నూరు మందిలో ఒక్కరికి కూడా గర్భం రాదు. మామూలుగా, అప్పుడప్పుడూ మరిచిపోతూ వాడితే ఏడుగురికి వస్తుంది. ఇంత తేడా మరుపు వల్లే. కాబట్టి మరిచిపోతే ఏం చేయాలో ముందే తెలిసుండాలి. ఒక్కటి తప్పితే గుర్తురాగానే వేసుకోండి, ఆ రోజు రెండు పడినా భయం లేదు. వరసగా రెండు, అంతకన్నా ఎక్కువ తప్పితే ఒకటి వెంటనే వేసుకుని, మిగతావి రోజూ కొనసాగిస్తూ ఏడు రోజులు కండోమ్ వాడాలి. అది మూడో వారమైతే ఐరన్ మాత్రలు వదిలేసి నేరుగా కొత్త షీటుకు వెళ్లాలి. మొదటి వారంలో తప్పి, ఆ రోజుల్లో కలయిక జరిగి ఉంటే అత్యవసర మాత్ర గురించి డాక్టరును అడగండి. ఐరన్ మాత్ర మరిచిపోతే మాత్రం కంగారు అక్కర్లేదు.

• మాత్ర వేసుకున్న మూడు గంటల్లోపు వాంతైతే ఇంకొకటి వేసుకోవాలి.

• టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే ఫినిటాయిన్, కార్బమజెపైన్ ఈ మాత్రల బలాన్ని తగ్గిస్తాయి. అమాక్సిసిలిన్ లాంటి మామూలు యాంటీబయాటిక్స్‌తో ఆ ఇబ్బంది లేదు. టీబీ మందు రాసే డాక్టరుకు మాత్రల సంగతి చెప్పడానికి సిగ్గుపడకండి.

• వారానికొకటి వేసుకునే మాత్ర మన దేశంలోనే తయారైంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ రూపొందించిన ఈ మందు 1991లో 'సహేలి' పేరుతో వచ్చింది. ఇప్పుడు ప్రభుత్వం 'ఛాయ' పేరుతో ఉచితంగా ఇస్తోంది. ఇందులో హార్మోన్లు లేవు, పాలిచ్చే తల్లులూ వాడొచ్చు. అయితే మొదటి మూడు నెలలు వారానికి రెండు వేసుకోవాలి, ఆ తర్వాతే వారానికి ఒకటి. మొదట్లో నెలసరి కాస్త ఆలస్యం కావచ్చు. పీసీఓడీ ఉన్నవారికి ఇది పనికిరాదు.

• పెళ్లికో వ్రతానికో నెలసరి వాయిదా వేయడానికి మందుల షాపులో తెచ్చుకునే మాత్రలు గర్భనిరోధకాలు కావు. అవి వేసుకుంటున్నాం కదా అని ధీమాగా ఉండి గర్భం దాల్చితే ఆ బాధ పడేది ఆడపిల్లే. షాపువాళ్లు ఈ మాట తప్పక చెప్పాలి.

• 72 గంటల్లోపు వేసుకునే అత్యవసర మాత్ర గర్భస్రావం చేయదు, గర్భం రాకుండా చూస్తుంది. ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. ఆ తర్వాతి కలయికలకు మాత్రం రక్షణ ఇవ్వదు.

• బీపీ ఎక్కువున్నవారు, 35 దాటి పొగ తాగేవారు, కళ్ల ముందు మెరుపులతో మొదలయ్యే పార్శ్వనొప్పి ఉన్నవారు, ఆరు నెలల్లోపు బిడ్డకు పాలిచ్చేవారు మాలా-ఎన్ లాంటివి వాడకూడదు. వాడుతున్నప్పుడు ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టినా, ఛాతీలో నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం కనిపించినా అది గ్యాసో నీరసమో అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఈ మాత్రలు వాడుతున్నామని ముందుగా చెప్పాలి.