అలల మీద మనకూ చోటుంది

సముద్రానికి వెళ్లిన ఏ కుటుంబాన్నయినా కాసేపు గమనించండి. పిల్లలూ, వాళ్ల నాన్నా నీళ్లలో కేరింతలు కొడుతుంటారు. ఇల్లాలు మాత్రం ఒడ్డున కూర్చుని అందరి చెప్పులకీ, పర్సులకీ, తువ్వాళ్లకీ కాపలా కాస్తుంటుంది. మహా అయితే కుచ్చిళ్లు రెండంగుళాలు పైకెత్తి పాదాలు తడుపుకుని వచ్చేస్తుంది. "నువ్వూ రారాదూ" అని ఎవరైనా పిలిస్తే, "అబ్బే, నాకెందుకండీ" అనేయడం మనకి అలవాటైపోయింది.

ఈసారి సెలవుల్లో ఆ కాపలా ఉద్యోగానికి సెలవు పెట్టి చూడండి. అందుకు తగిన చోటు మరీ దూరమేం కాదు. చెన్నై నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద దాదాపు 40 కిలోమీటర్లు వెళ్తే కోవళం వస్తుంది. కేరళలోని కోవళం కాదు, ఇది వేరు. ఇంకో ఇరవై కిలోమీటర్లలోపే మహాబలిపురం. నెల్లూరు, తిరుపతి వాళ్లు పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకి చేరుకోవచ్చు. శని, ఆదివారాలు రెండూ చాలు.

జాలరి పల్లెలో సర్ఫింగ్ బడి

అల మీద పలక వేసుకుని, దాని మీద నిలబడి ఒడ్డుదాకా జారుతూ రావడమే సర్ఫింగ్. టీవీలో చూసి ఇదంతా విదేశీయుల సరదా అనుకుంటాం. కోవళంలో దీన్ని నేర్పేది ఎక్కువగా అక్కడి మత్స్యకారుల బిడ్డలే. మూర్తి మేఘవన్ అనే జాలరి యువకుడు తనంతట తాను నేర్చుకుని, ఊళ్లో పిల్లలకి నేర్పి, చివరికి సర్ఫింగ్ స్కూలే నడిపించాడు. 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ పోటీలు మహాబలిపురంలోనే జరిగాయి.

ఆడపిల్లలూ వెనకబడలేదు. మహాబలిపురం మత్స్యకార కుటుంబంలో పుట్టిన కమలి మూర్తి చిన్నప్పుడే స్కేట్‌బోర్డు ఎక్కింది, తర్వాత అలలనీ లొంగదీసుకుంది. ఆమెదీ, ఆమె తల్లిదీ కథగా తీసిన 'కమలి' లఘుచిత్రం 2020లో బ్రిటన్‌వారి బాఫ్టా అవార్డుకి నామినేట్ అయింది.

"ఈ వయసులో మనకేం వస్తుంది?" అనకండి. మొదటి పాఠం ఇసుకలోనే చెబుతారు. బోర్ల పడుకుని చేతులు ఆడించడం, అరచేతులు ఆనించి లేవడం, మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడడం. ఆ తర్వాత నడుంలోతు నీళ్లలోకి తీసుకెళ్తారు. కొత్తవాళ్లకిచ్చే బోర్డు మెత్తటి ఫోముతో చేసింది కనుక తగిలినా పెద్ద దెబ్బ కాదు. చీలమండకి తాడు కడతారు కాబట్టి బోర్డు దూరంగా కొట్టుకుపోదు. మంచి అల చూసి శిక్షకుడే ముందుకి తోస్తాడు. నిలబడలేకపోయినా, పడుకునే అల మీద ఒడ్డుకి జారివచ్చినా ఆ హుషారే వేరు.

ఈత రాకపోతే ముందే చెప్పేయండి, దాచవద్దు. మహిళా శిక్షకులున్నారా, బట్టలు మార్చుకునే గదీ, మంచినీళ్ల స్నానానికి ఏర్పాటూ ఉన్నాయా అని ఫోన్ చేసి అడగడం మన హక్కు. జనవరి నుంచి మార్చి దాకా అలలు చిన్నవిగా ఉంటాయి, కొత్తవాళ్లకి అదే అనువు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. తుపాన్ల భయం, సముద్రపు పోటూ ఎక్కువ కనుక అప్పుడు వద్దు.

ఈ ఒక్క సంగతీ ఇంట్లో అందరికీ చెప్పండి

అలలు విరుచుకుపడుతున్న తీరంలో మధ్యలో ఒకచోట నీళ్లు ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తాయి. 'ఇక్కడ బావుంది, అలలు లేవు' అని చాలామంది అక్కడే దిగుతారు. నిజానికి ఒడ్డుకి చేరిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. గజ ఈతగాళ్లు కూడా దానికి ఎదురీది అలసిపోయి మునిగిపోతారు. అందులో చిక్కుకుంటే ఎదురీదకండి. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవండి. ఈదగలిగితే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి. కొంతదూరం పోయాక లాగుడు తగ్గిపోతుంది, అప్పుడు ఒడ్డుకి తిరగండి. లైఫ్‌గార్డు లేనిచోట, హెచ్చరిక బోర్డు ఉన్నచోట పాదాలు తడుపుకోవడంతోనే సరిపెట్టుకోండి. కొట్టుకుపోతున్నవాళ్లకోసం ఉత్తచేతులతో దూకవద్దు. తేలే వస్తువేదైనా విసిరి, జాలర్లని కేకేయండి.

ఎండెక్కాక చూడవలసినవి

పొద్దున్న ఆరింటికే నీళ్లలో దిగితే తొమ్మిదికల్లా ముగించవచ్చు. మిగతా రోజంతా మనదే. మహాబలిపురంలో సముద్రపుటొడ్డు ఆలయం, పంచ రథాలు, అర్జున తపస్సు శిల్పం తప్పనిసరి. పల్లవులు చెక్కించిన ఈ కట్టడాలకి 1984లో యునెస్కో గుర్తింపు వచ్చింది. 2004 సునామీ తర్వాత దగ్గర్లోని సాళువన్‌కుప్పం వద్ద శాసనాలు బయటపడ్డాయి. వాటి ఆధారంగా తవ్వితే ఇటుకల మురుగన్ ఆలయం కనిపించింది.

కోవళానికి ముందే ముత్తుకాడు వస్తుంది. అక్కడి దక్షిణచిత్రలో దక్షిణాది పాత ఇళ్లని ఊళ్లనుంచి తెచ్చి తిరిగి నిలబెట్టారు. మన నేతగాళ్ల ఇల్లూ, కోస్తా చుట్టిల్లూ చూసి పిల్లలు "అమ్మమ్మ చెప్పేది ఇదేనా" అని అడగకమానరు. మంగళవారం సెలవు.

ఏం తిందాం?

సాయంత్రం ఇసుకలో కూర్చుంటే పొట్లాల్లో సుండల్ వస్తుంది. ఉడికించిన బఠాణీలు, పచ్చికొబ్బరి, మామిడికాయ ముక్కలు కలిపినది. పక్కనే వేడివేడి మిరపకాయ బజ్జీలు. వేసవిలో అయితే దారంతా తాటిముంజలు. శాకాహారులకి మహాబలిపురం బస్టాండు పరిసరాల్లో ఇడ్లీ, పొంగల్, అరిటాకు భోజనం దొరుకుతాయి.

చేపలు తినేవాళ్లు ఒత్తవాడై వీధికి వెళ్లాలి. ఆరోజు పట్టిన వంజరం, రొయ్యలు, పీతలు పళ్లెంలో చూపిస్తారు. నచ్చింది ఎంచుకుంటే వండిపెడతారు. బరువెంత, ధరెంత అన్నది పొయ్యి మీదికి వెళ్లకముందే తేల్చుకోండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం కనుక ఆ రోజుల్లో తాజా చేప తక్కువ, ధర ఎక్కువ.

ఇవి మరచిపోకండి

* చీర, చున్నీ నీళ్లలో బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటాయి. ఒంటికి పట్టివుండే పొడుగు చేతుల చొక్కా, లెగ్గింగ్ మేలు.
* గొలుసులు, గాజులు, ఉంగరాలు ఇంట్లోనే. సముద్రం తీసుకున్నది తిరిగివ్వదు.
* జుట్టు బిగించి జడ వేసుకోండి. సన్‌స్క్రీన్ రాసుకోండి.
* కడుపునిండా తిని దిగవద్దు. ఓ అరటిపండు చాలు.

చెప్పుల కాపలా సంగతంటారా? వంతులు వేసుకోండి. మొదటి వంతు మాత్రం మీవారికే ఇవ్వండి!