పదాల లెక్క ఎవరి కోసం?

న్యూజెర్సీలోని పిస్కాటవే అంటే మనవాళ్లకు ఎడిసన్ పక్క ఊరు. అక్కడి బెల్ ల్యాబ్స్‌లో నీనా మెక్‌డొనాల్డ్, లారెన్స్ ఫ్రేజ్ బృందం రైటర్స్ వర్క్‌బెంచ్ అనే ప్రోగ్రాముల కట్టను తయారుచేసింది. 1982 జనవరిలో ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈ పత్రికలో దాని గురించి రాసింది. కట్టలోని ముఖ్యమైన స్టైల్, డిక్షన్ ప్రోగ్రాములు లోరిండా చెర్రీవి, వాటి గురించి ఆమెతో కలిసి రాసినవాడు రట్గర్స్ ఇంగ్లిష్ ఆచార్యుడు విలియం వెస్టర్‌మన్. స్టైల్ వాక్యాల పొడవు కొలిచేది, డిక్షన్ అరిగిపోయిన పదబంధాలను పట్టి చూపేది, డబుల్ పక్కపక్కనే రెండుసార్లు టైపైన మాటను పట్టేది, టాపిక్ తరచుగా వచ్చే నామవాచకాలను ఏరి పెట్టేది. వీటిలో దేనికీ అర్థం తెలియదు, లెక్క మాత్రమే తెలుసు. అయినా ఎవరికీ నష్టం జరగలేదు. ఆ లెక్క చూసేది రాసినవాడే, దిద్దాలో వద్దో తేల్చుకునేదీ అతనే. ఒక మాట ముప్పైసార్లు వచ్చిందని తెలిస్తే కాస్త సిగ్గుపడి పది కొట్టేస్తాడు. పెంచితే అతనికి ఒరిగేదేమీ లేదు.

వెతుకులాటలో కథ వేరు. తరచుగా వచ్చే మాటే వ్యాసం దేని గురించో చెబుతుందని ఐబీఎంలో హాన్స్ పీటర్ లూన్ 1958లోనే ప్రతిపాదించాడు; మరీ ఎక్కువగా వచ్చేవాటిని వదిలేయాలనీ అప్పుడే చెప్పాడు. అన్ని పత్రాల్లోనూ కనిపించే మాటకు విలువ తక్కువని కరెన్ స్పార్క్ జోన్స్ 1972లో చూపింది. వీళ్ల పద్ధతులు నడిచింది గ్రంథాలయ పత్రాల మీద. ఆ పత్రాలు రాసినవాళ్లకు యంత్రాన్ని బులిపించాల్సిన పనే లేదు. వెబ్ వచ్చాక ముందు వరసలో కనిపించిన పేజీకి డబ్బు రావడం మొదలైంది. తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలతో ఒకే మాటను వందసార్లు దాచిపెట్టే విద్య అలా పుట్టింది. కాబట్టి చెడగొట్టింది లెక్క కాదు, లెక్కకు కట్టిన బహుమతి.

ఇంజినీర్లు ఆ బహుమతిని ఎప్పుడో కోసేశారు. లండన్ సిటీ యూనివర్సిటీలో స్టీఫెన్ రాబర్ట్‌సన్ బృందం 1994లో తెచ్చిన, వెతికిన మాటను బట్టి పేజీలకు మార్కులు వేసే బీఎం25 సూత్రాన్నే చూడండి. మాట మళ్లీ మళ్లీ వస్తే మార్కు పెరుగుదలను ఎంత త్వరగా ఆపాలో చెప్పే అంకెకు వాడుకలో ఉన్న ఒక విలువ, 1.2, పెట్టి సగటు పొడవున్న పేజీకి లెక్కగడితే, మాట ఒకసారి వస్తే 1 మార్కు, రెండుసార్లకు 1.38, అయిదుసార్లకు 1.77, ఇరవైసార్లకు 2.08. ఎంత కుక్కినా 2.2 దాటదు. పైగా పేజీ పొడవు పెరిగినకొద్దీ మార్కు తగ్గుతుంది. అంటే మూడో నాలుగో ప్రస్తావన తర్వాత శ్రమ చాలావరకు బూడిదలో పోసిన పన్నీరే. గూగుల్ తన నిబంధనల్లో మాటలు కుక్కడాన్ని స్పామ్‌గానే చూస్తుంది. కీవర్డ్స్ మెటా ట్యాగ్‌ను వెబ్ ర్యాంకింగులో పట్టించుకోమని 2009లోనే ప్రకటించింది.

మాట అసలు లేకపోతే పేజీ దొరుకుతుందా అని అడగొచ్చు. శీర్షికలో, మొదటి పేరాలో ఉండాలి, నిజమే. సాంకేతిక రచనలో ఒక వస్తువుకు ఒకే పేరు పదేపదే రావడం తప్పూ కాదు. వాల్వును వాల్వు అనకుండా నాలుగు పర్యాయపదాలు వెతికితే చదివేవాడు నాలుగు వస్తువులనుకుంటాడు. అవసరమైన చోట మాట వాడటానికీ, వాటా నింపడానికి వాడటానికీ తేడా చూడాలి. నూటికి రెండో మూడో ఉండాలంటూ శాతాలు చెప్పే సలహాదారులకు ఈ తేడా పట్టదు. తెలుగులో ఆ శాతం మరీ తేలిపోతుంది. ఇల్లు, ఇంటికి, ఇళ్లలో అన్నవి అచ్చు పోల్చి లెక్కించే సాధనానికి మూడు వేర్వేరు మాటలు. దాని మెప్పు కోసం రాసేవాడు విభక్తులు పీకేసి, పిస్కాటవే ఇల్లు అద్దె, ఎడిసన్ ఇల్లు అద్దె అంటూ వాక్యం కానివాటిని పేర్చుకుంటూ పోతాడు. అది చదివి ఫోన్ చేయాల్సింది మాత్రం ఇంటి కోసం తిరుగుతున్న మనిషి.