ముత్తాతను ఎక్కడ మట్టి చేశారు?

సంక్రాంతికి చందర్లపాడు వచ్చిన మనవడు ముత్తాత సమాధి చూపించమని అడిగాడనుకోండి. అరుగు మీది పెద్దాయన వెంటనే లేచి దారి చూపించడు. "కాల్చారా, పూడ్చారా?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. వెతుకులాట మొదలవ్వాల్సింది అక్కడే.

దహనం చేసే కుటుంబమైతే అస్థికలు కృష్ణలో కలిపి ఉంటారు, వెతకడానికి సమాధి ఉండదు. అయితే ఆ ఇళ్లలోనూ పసిపిల్లలను, సన్యాసం పుచ్చుకున్నవారిని పూడ్చేవారు. జంగాలు, లింగధారులు కూర్చోబెట్టి సమాధి చేస్తారు. క్రైస్తవులు, ముస్లింలే కాదు, ఇంకా ఎన్నో కులాల్లో ఖననమే ఆచారం. అందుకే మన పల్లెల్లో ఊరికో శ్మశానం అంటే సరిపోదు, వాడకో శ్మశానం. చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా, కులం అడగకుండా ఈ పని ఒక్క అడుగు ముందుకు పడదు. కొందరు సొంత చేలోనే గట్టు పక్కన సమాధి కట్టారు. చేను అమ్ముడైపోతే పాత దస్తావేజు హద్దుల్లో ఆ మాట మిగిలి ఉండొచ్చు, చదివి చూడాలి.

తర్వాతది తేదీ. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఇంట్లో ఎవరికీ సంవత్సరం గుర్తుండదు, తద్దినం మాత్రం గుర్తుంటుంది. మాఘ బహుళ పంచమి అని నాయనమ్మ తడుముకోకుండా చెబుతుంది. ఏ సంవత్సరమంటే "ప్లవంగ" అంటుంది. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది గనుక అది 1907-08 కావచ్చు, 1967-68 కూడా కావచ్చు. అప్పటికి పెద్దకొడుకు వయసెంత, పెళ్లయిందా అని అడిగితే ఏదో ఒకటి తేలిపోతుంది. ప్లవ, ప్లవంగ ఒకటి కావు, ఆరేళ్ల తేడా. రెండింటినీ కలిపేసి వేరే ఏడాది రిజిస్టరు తిరగేయడం సులువు. పాత పంచాంగంతో సరిచూసుకున్నా ఒక రోజు అటూఇటూ వదిలిపెట్టి వెతకండి.

తేదీ దొరికితే కాగితాల వంతు. జనన మరణాల నమోదుకు ఇప్పుడున్నది 1969 చట్టం. అందులోని 17వ సెక్షన్ ప్రకారం రిజిస్టరు వెతికించి, నకలు తీసుకునే హక్కు ఎవరికైనా ఉంది. అంతకుముందు పల్లెల్లో ఈ లెక్క గ్రామ మునసబు రాసేవాడు. 1984లో మునసబు, కరణం ఉద్యోగాలు రద్దయ్యాక కొన్ని పుస్తకాలు ఆఫీసులకు చేరాయి, కొన్ని పాత ఇళ్ల అటకల మీద మిగిలిపోయాయి. చందర్లపాడు ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నా, 2022కు ముందు కాగితాలన్నీ కృష్ణా జిల్లా పేరుతోనే ఉంటాయి. మండలాలు రాని రోజుల్లో, అంటే 1985కు ముందు, నందిగామ తాలూకా కింద చూడాలి.

మరణ రిజిస్టరు మనిషి పోయిన రోజు చెబుతుంది గానీ, పూడ్చిన చోటు చెప్పదు. చోటు చెప్పేది భూమి లెక్క. రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరులో, అదే ఆర్‌ఎస్‌ఆర్‌లో, పోరంబోకు అని రాసి ఎదురుగా శ్మశానం అని ఉన్న సర్వే నంబర్లు ఏరుకోవాలి. ఎఫ్‌ఎంబీ, అంటే క్షేత్ర కొలతల పుస్తకం, పటంలో వాటి కొలతలుంటాయి. ఈమధ్య రీసర్వే అయిన ఊళ్లలో సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి గనుక పాత నంబరుతో జతచేసి చూసుకోవాలి. ఇప్పుడు రోడ్డో వాటర్ ట్యాంకో ఉన్న చోట పాత పటం శ్మశానం చూపిస్తే కంగారుపడొద్దు, పటాన్నే నమ్మండి.

క్రైస్తవ కుటుంబాలకు మరో దారి ఉంది. నందిగామ ప్రాంతంలోని రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మం తీసుకున్నాక ఈ మెట్టలో చర్చి మిషనరీ సొసైటీ సంఘాలు పెరిగాయి. 1947లో అవి దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. బాప్తిస్మం, వివాహం, భూస్థాపన రిజిస్టర్లు రాయడం ఆ సంఘాల పద్ధతి. రిజిస్టరు దొరక్కపోతే నవంబరు 2న సమాధుల తోటకు వెళ్లండి. సమాధుల పండుగ నాడు ఎవరి సమాధికి వాళ్లు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగిస్తారు. ఏ సమాధి ఎవరిదో అడిగి తెలుసుకోవడానికి అంతకంటే మంచి రోజు ఏడాదంతా రాదు.

ఏటా వేసిన ఆ సున్నమే అక్షరాలను మింగేస్తుంది. నాపరాయిని చాకుతో గీకొద్దు, యాసిడ్ పోయొద్దు. పొద్దున్నే ఏటవాలు ఎండలో చూడండి. లేదా చీకటి పడ్డాక ఫోన్ టార్చిని రాతికి ఆనించినట్టు పక్క నుంచి వేయండి. లోతుగా చెక్కిన గీతల్లో నీడ పడి, మధ్యాహ్నం కనిపించని ఇంటిపేరు పైకి తేలుతుంది.

సముద్రం దాటినవాళ్ల సంగతి తమాషాగా ఉంటుంది. 1860 నుంచి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు మన దేశం నుంచి 1,52,184 మంది కూలీలు వెళ్లారు. ఓడ జాబితాల్లో తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాసి ఉన్నాయి. ఊళ్లో పుట్టి ఊళ్లోనే పోయినవాడి గురించి అన్ని వివరాలు ఒకేచోట దొరకడం అరుదు. అక్కడ వెతికేవాళ్లు కృష్ణా అని కాక, తెల్లవాళ్లు రాసినట్టు కిస్ట్నా అని వెతకాలి.

చోటు తెలిసింది, రాయి లేదు. అప్పుడు చూపించిన పెద్దాయన్ని అక్కడే నిలబెట్టి ఫొటో తీసుకోండి, ఫోన్‌లో లొకేషన్ భద్రం చేసుకోండి. చింతచెట్టుకు పది అడుగులని రాసుకుంటే చాలదు, చెట్టు కొట్టేస్తారు. దగ్గర్లోని సర్వే రాయి నుంచి టేపు పట్టి కొలవండి.