పింఛను సొమ్ము, చమురు వాటాలు: అపోహలు – వాస్తవములు

బొగ్గు, చమురు, సహజవాయు సంస్థలలోని తమ వాటాలను విశ్వవిద్యాలయములును, పింఛను నిధులును, ధర్మసంస్థలును విడిచిపెట్టవలెనని సాగుచున్న ఉద్యమమును గూర్చి అమెరికాలో వ్యాపించిన అసత్యములలో మిక్కిలి హానికరమైనది, ఆ వాటాలను విక్రయించినచో వృద్ధుల పింఛనులకు గండిపడుననునది. ఇది నోటిమాటగా నిలిచియున్నచో ఉపేక్షింపవచ్చును; కాని శాసనరూపమును దాల్చి, తాను కాపాడుదునన్న ప్రజాధనమునకే చేటు తెచ్చినది.

ఇంధన సంస్థలను బహిష్కరించు ఆర్థిక సంస్థలతో ప్రభుత్వము ఒడంబడికలు చేసికొనరాదని టెక్సాస్ రాష్ట్రము 2021లో ఒక శాసనమును, తుపాకుల పరిశ్రమ విషయమున అట్టిదే మరియొక శాసనమును చేసెను. తత్ఫలితముగా పట్టణములకును, పాఠశాలలకును బాండ్ల మూలమున అప్పు సమకూర్చు పెద్ద సంస్థలు ఐదు ఆ విపణి నుండి తొలగిపోయినవి. పోటీ సన్నగిల్లినచోట వడ్డీ పెరుగక మానదు. డేనియల్ గారెట్, ఇవాన్ ఇవనోవ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు గణించి చూడగా, తొలి ఎనిమిది మాసముల అప్పులపైననే ఆ రాష్ట్రపు స్థానిక సంస్థలకు 30 కోట్ల నుండి 53 కోట్ల డాలర్ల వరకు అదనపు వడ్డీభారము ఏర్పడినదని తేలెను. పింఛనుదారుని పేరు చెప్పి పన్నుదారుని నెత్తిన మోపిన భారమిది! అంతటితో ఆగక, 1854లో నెలకొల్పబడిన ఆ రాష్ట్రపు శాశ్వత పాఠశాల నిధి ఆ ఇంధన శాసనమునే చూపి 2024 మార్చిలో బ్లాక్‌రాక్ అను మదుపు నిర్వహణ సంస్థ నుండి 850 కోట్ల డాలర్లను ఉపసంహరించుకొనెను; చమురు సంస్థలలో అత్యధికముగా వాటాలు గలవారిలో బ్లాక్‌రాక్ ఒకటి యన్న సంగతి బహిరంగమే.

నష్టము వచ్చునను వాదమును లెక్కలతోనే పరీక్షింతము. 1980లో ఎస్ అండ్ పి 500 సూచికలో నాలుగవ వంతుకు మించియుండిన ఇంధనరంగము 2020 చివరకు నూటికి మూడుపాళ్లకు లోబడినది. 1928 నుండి డౌ జోన్స్ సూచికలో స్థానము గల ఎక్సాన్ 2020 ఆగస్టులో దానినుండి తొలగింపబడెను. అమెరికాలోని బొగ్గు సంస్థలలో అగ్రగణ్యమైన పీబాడీ 2016లో దివాలా న్యాయస్థానము నాశ్రయించెను. 2022లో, ఉక్రెయిన్ యుద్ధకాలమున, చమురు వాటాల ధర ఒక్కయేట సగమునకు మించి పెరిగినదని పదేపదే వల్లించువారు, నేటి యువోద్యోగి నలువదియేండ్ల పిమ్మట అందుకొనవలసిన సొమ్మును ఒక్క సంవత్సరపు ధరతో తూచుచున్నారు. స్టాండర్డ్ ఆయిల్ సంపద నుండి పుట్టిన రాక్‌ఫెల్లర్ బ్రదర్స్ ఫండ్ 2014లో ఈ వాటాలను విడువనారంభించి, తదుపరి ఐదేండ్లలో తాను ప్రమాణముగా పెట్టుకొన్న సూచికను మించియే రాబడి గడించెను. సముద్రగర్భపు చమురుతో ధనికమైన నార్వే సైతము, దేశాదాయమును పొదుపును రెండును చమురు ధరకే ముడివడి యుండరాదని యెంచి, కేవల అన్వేషణోత్పత్తులకే పరిమితమైన సంస్థలను తన నిధి నుండి తొలగించుటకు 2019లో నిర్ణయించెను. పెద్ద చమురు సంస్థలను మాత్రము అట్టిపెట్టుకొనెను.

విద్యాపీఠమునకు ఇట్టి రాజకీయము తగదందురు. పొగాకు వాటాలను హార్వర్డ్ 1990లోనే విడిచెను. పెట్రోలు వాడువాడు చమురు వాటాలను విడువుమని పలుకరాదందురు. వాహనము తప్ప వేరు దారి లేని యూరిలో నివసించుట చమురు కంపెనీకి వాటాదారుగా నుండుటతో సమానము కాదు.

ఒక ఆక్షేపణలో మాత్రము సత్యాంశము కలదని ఒప్పుకొనక తప్పదు. నీవు విక్రయించిన వాటాను వేరొకడు కొనును, బావి యొక్కటియు మూతపడదు, కంపెనీ ఖజానా నుండి ఒక్క డాలరైనను తగ్గదు అందురు. ప్రత్యక్షముగా చూచిన నిజమే, ఉద్యమకారులలో కొందరు దీనిని దాచుట వలన వారికే అపకీర్తి. కాని ఒత్తిడి పనిచేయునది గౌరవము మీదను, రాబోవు అప్పుల మీదను. ఈ ఉద్యమము తమ వాటాల ధరను దెబ్బతీయగలదని షెల్ సంస్థయే తన వార్షిక నివేదికలో మదుపరులను హెచ్చరించెను. ఈ వాటాలను విడువుమనగా 2013లో కాదన్న హార్వర్డ్, 2019 నవంబరులో యేల్‌తో జరిగిన ఫుట్‌బాల్ పోటీ నడుమ విద్యార్థులు మైదానమున బైఠాయించిన తరువాత, 2021 సెప్టెంబరులో ఔనన్నది.

కావున అమెరికాలో ఉద్యోగము చేయుచున్న మన తెలుగువారు, వదంతులను నమ్ముటకు ముందు, తమ 401(కె) అను పింఛను పొదుపు ఖాతాలోని నిధి యే కంపెనీల వాటాలను కొన్నదో జాబితా తెప్పించుకొని చదువవలెను. సూచికానుసార నిధులని పేరుపడిన వానిలోను చమురు వాటాలుండును. అచ్చట చదువుచున్న మన పిల్లలు తమ విశ్వవిద్యాలయ పాలకులను ప్రశ్నించునపుడు, నేరుగా గల వాటాలెన్ని యని మాత్రమే అడిగి ఊరకుండరాదు. ఇతర నిధుల మూలమున పరోక్షముగా నున్నవెన్ని, అవి యేనాటికి తీరును, వాటాదారుల సభలలో తమ పక్షమున ఓటు వేయువారెవరు అని కూడ వ్రాతపూర్వకముగా సమాధానము కోరవలెను.