మామిడి కాబ్లర్: పండ్లు మెత్తబడ్డాయా? పారేయొద్దు.. ఓవెన్ లేకుండానే ఇలా చేసేయండి!

ఎండాకాలం వచ్చిందంటే ఇంట్లో మామిడి పండ్లకు కొదవుండదు. కానీ డజను తెస్తే నాలుగు తినేలోపే మిగతావి మెత్తబడిపోతాయి. పిల్లలు ముట్టుకోరు, పెద్దలకు పారేయాలంటే మనసొప్పదు. అలాంటి పండ్లకు సరిగ్గా సరిపోయే వంటకమే కాబ్లర్.

అసలేంటీ కాబ్లర్?
ఇది అమెరికా ఇళ్లలో చేసుకునే స్వీట్. కింద రసం కారే పండు ముక్కలు, పైన కేకులా పొంగిన పిండి. వలస వెళ్లిన కుటుంబాలు సరైన ఓవెన్ లేక, మందపాటి ఇనుప పాత్రలో నిప్పుల మీద వండుకునేవారు. అంటే 44వ జాతీయ రహదారి పక్కనున్న మన బాల్కొండలో, గ్యాస్ పొయ్యి మీద చేసుకున్నా తప్పేం లేదు. వాళ్లు పీచ్ పండ్లు వేస్తే, మనం బంగినపల్లి వేద్దాం.

కావాల్సినవి
మామిడి పండ్లు 2, తురిమిన బెల్లం 3 స్పూన్లు, నిమ్మరసం 1 స్పూను, కార్న్‌ఫ్లోర్ 1 స్పూను. పిండి కోసం మైదా 1 కప్పు (సగం గోధుమపిండి కలపొచ్చు), చక్కెర అర కప్పు, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్, చిటికెడు ఉప్పు, పాలు ముప్పావు కప్పు, కరిగించిన నెయ్యి 4 స్పూన్లు. కోడిగుడ్డు అక్కర్లేదు.

1937లో మొదలైన బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడినా, చెరకు రుచి తెలిసిన నేల మనది. అందుకే పండ్లలో బెల్లం వేస్తున్నాం. పిండిలో మాత్రం చక్కెరే వాడండి. బెల్లం వల్ల పాలు విరిగే అవకాశం ఉంది.

తయారీ ఇలా..
1. మందపాటి పాత కుక్కర్‌లో అడుగున దొడ్డు ఉప్పు పరిచి, చిన్న స్టాండ్ పెట్టి, సన్నని మంటపై 10 నిమిషాలు వేడి చేయాలి. విజిల్, మూత రబ్బరు రెండూ తప్పకుండా తీసేయాలి. నీళ్లు పోయొద్దు.
2. పండు ముక్కల్లో బెల్లం, నిమ్మరసం, కార్న్‌ఫ్లోర్ కలపాలి.
3. స్టీలు గిన్నెలో నెయ్యి పోసి, దానిపై మైదా, చక్కెర, బేకింగ్ పౌడర్, ఉప్పు, పాలు కలిపిన పిండిని పోయాలి. పైన ముక్కలు సర్దాలి. గిన్నె సగానికి మించి నింపొద్దు.
4. ఇక్కడే అసలు కిటుకు.. అస్సలు కలపొద్దు! వేడికి బేకింగ్ పౌడర్ నుంచి గ్యాస్ పుట్టి పిండి పొంగుతుంది. ముక్కలు కిందికి దిగి, పిండి పైకొస్తుంది. కలిపేస్తే ముద్దయిపోతుంది.
5. గిన్నెను కుక్కర్‌లో దించి మూత పెట్టి, సన్నని మంటపై 45 నుంచి 50 నిమిషాలు ఉంచాలి. పైన పిండిలో పుల్ల గుచ్చితే తడి అంటకూడదు. ఓవెన్ ఉంటే 180 డిగ్రీల వద్ద 40 నిమిషాలు చాలు.

కుక్కర్‌లో పైభాగం ఓవెన్‌లోలా ఎర్రగా రాదు. రుచికి లోటేం ఉండదు. దించాక 15 నిమిషాలు ఆగితే రసం చిక్కబడుతుంది.

ఈ జాగ్రత్తలు మరవొద్దు
మెత్తబడిన పండు వేరు, కుళ్లిన పండు వేరు. బూజు పట్టినా, పులిసిన వాసన వచ్చినా పారేయాల్సిందే. ఉడికిస్తే బాగవుతుందనుకోవద్దు. కాయలు మగ్గబెట్టడానికి కార్బైడ్ వాడకం మన దేశంలో నిషేధం. పైకి పసుపుగా మెరుస్తూ లోపల గట్టిగా, పుల్లగా ఉంటే అనుమానించాల్సిందే. ఏ పండైనా బాగా కడిగాకే కోయండి. షుగర్ ఉన్నవారు రుచి చూసి ఆగిపోవడం మంచిది.

మామిడి సీజన్ అయిపోతే జామ, అరటి, పైనాపిల్‌తోనూ చేయొచ్చు. సీతాఫలం మాత్రం వద్దు, వేడికి చేదెక్కుతుంది. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి 2 రోజుల్లో తినేయండి. మరి ఈ ఆదివారం ఆ మెత్తబడిన పండ్ల సంగతి చూసేయండి!