ఆపరేషన్ తర్వాత ఊరే నీరు: పిండొద్దు, పొడవొద్దు

ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మనిషికి కుట్ల పక్కన మెత్తగా ఉబ్బు కనబడితే ఇంట్లో అందరికీ ఒకటే గుబులు: "జబ్బు మళ్ళీ వచ్చిందా?" మన మిల్లు ఇళ్ళలో ఈ మాట రెండు చోట్ల వింటాము. రొమ్ము ఆపరేషన్ అయిన ఆడవాళ్ళ దగ్గర ఒకటి, కుడలిరక్కం అని ఇక్కడ చెప్పే హెర్నియాకు ఆపరేషన్ అయిన మగవాళ్ళ దగ్గర ఇంకొకటి. మా వదినకు రొమ్ము తీసినప్పుడు రెండు నెలలు నేనే దగ్గరుండి చూసుకున్నాను. అప్పుడు తెలుసుకున్నది చెప్తాను.

లోపల కండ, కొవ్వు కదిలించిన చోట ఖాళీ మిగులుతుంది. గాయం మానేటప్పుడు లేత పసుపు నీరు అందులోకి ఊరుతుంది. దీన్ని డాక్టర్లు సెరోమా అంటారు. ఇది కేన్సరూ కాదు, చీమూ కాదు. ఎక్కువగా ఆపరేషన్ అయిన వారం పది రోజులకు, ట్యూబు తీసినాక కనిపిస్తుంది.

వదినకు చంక కింద ట్యూబు, దాని చివర ఒక డబ్బా పెట్టి పంపినారు. ఆ డబ్బా ముడుచుకుని ఉంటేనే నీటిని లాగుతుంది. పొద్దున, సాయంత్రం సబ్బుతో చేతులు కడుక్కుని, నీళ్ళు కొలత గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీలీటర్లో, ఏ రంగో నోటులో రాసినాను. మొదట ఎర్రగా వచ్చి, పోనుపోను పసుపు తిరిగింది. రోజు మొత్తానికి 30 మిల్లీలీటర్ల లోపుకు తగ్గితే సాధారణంగా ట్యూబు తీస్తారు. ఆ నోటు చూసే డాక్టరమ్మ నిర్ణయించినారు.

ట్యూబు తీసిన ఐదో రోజు ఉబ్బు వచ్చింది. "ఏమే, మళ్ళీ గడ్డ లేచిందే" అని వదిన ఏడ్చింది. పక్కింటి అవ్వ ఉప్పు మూటతో కాపడం పెట్టమనింది. ఇంకొకరు సూదితో పొడిస్తే పోతుందన్నారు. వాళ్ళది ప్రేమే. కానీ ఆపరేషన్ చోట చర్మం మొద్దుబారి ఉంటుంది, కాలినా తెలియదు. ఇంటి సూది దిగితే మంచి నీరు చీమవుతుంది. అందుకే కయత్తారులో బస్సెక్కి ఆస్పత్రికి పోయినాము. మందుతో తుడిచి సిరంజితో లాగేసినారు, పెద్ద నొప్పి లేదు. మళ్ళీ ఊరితే ఇంకో రెండుసార్లు తీసినారు. చిన్న ఉబ్బయితే సూది పెట్టరు. కొన్ని వారాల్లో ఒళ్ళే పీల్చుకుంటుంది.

హెర్నియా వాళ్ళు ఇంకొకటి గమనించాలి. దగ్గినప్పుడు ఉబ్బు ఎగదన్ని, పడుకుంటే లోపలికి పోతుంటే అది హెర్నియా తిరగబెట్టడం కావచ్చు. నీరయితే అలా పోదు. తేల్చాల్సింది మాత్రం డాక్టరే.

ఆగకుండా పోవాల్సిన గుర్తులు ఇవి: 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, చుట్టూ ఎరుపు, వేడి, నొప్పి ఎక్కువ కావడం, చీము, చెడు వాసన, కుట్లు విడడం, ఉబ్బు ఉన్నట్టుండి పెరగడం, రక్తం రావడం. రాత్రయినా 108కి ఫోన్ చేయండి.

మన వాళ్ళను ఎక్కువ చెరిపేది తొందర. బిందె ఎత్తడం, కోన్ల బుట్ట మోయడం డాక్టరు సరేననే దాకా వద్దు. అలాగని చెయ్యి అసలు కదపకపోతే భుజం బిగుస్తుంది. తల దువ్వుకోవడం లాంటి చిన్న కదలికలు నర్సమ్మ చెప్పినట్టు చేయాలి.

"కూలి పోతుందే" అని పదో రోజే షిఫ్టుకు పోయే అన్నలు ఈ లెక్క చూడండి. ఈఎస్ఐలో ఉన్న కార్మికుడికి, చందా కట్టే ఆరు నెలల్లో 78 రోజుల చందా ఉంటే, జబ్బు సెలవుకు కూలిలో 70 శాతం చొప్పున ఏడాదిలో 91 రోజుల దాకా వస్తుంది. ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ తప్పకుండా కావాలి. కుటుంబంలోని వాళ్ళకు ఈ డబ్బు రాదు, వైద్యం ఉంది. కాబట్టి డిశ్చార్జి రోజే ఆ కాగితాలు అడిగి తెచ్చుకోండి, ట్యూబు ఉంటే కొలత గ్లాసు, నోటు సిద్ధం పెట్టుకోండి.